అద్దెకు చిన్న ఇల్లు, పెరట్లో నిమ్మచెట్టు

నొయెమీకి పెళ్లయి ఏడు వారాలు. ఆ ఏడు వారాలూ ఆమె, భర్త ఎఫ్రైన్ కలిసి అత్తగారి కారు షెడ్డులోనే కాపురం చేశారు. షెడ్డే అయినా గోడలకు రంగు వేయించారు, కిటికీకి తెర కట్టారు, పెళ్లి మంచం పట్టింది. కాకపోతే బట్టలుతికే మెషీను కూడా అక్కడే ఉంది. అత్తగారికి పొద్దున్నే ఐదింటికి బట్టలు వేసే అలవాటు ఉంది, తలుపు తట్టే అలవాటు లేదు. మెషీను నీళ్లు పిండడం మొదలుపెడితే మంచం కూడా దానితోపాటు ఊగేది. అప్పుడు కూడా నొయెమీకి నవ్వే వచ్చేది. కొత్త పెళ్లికూతురికి ఏం చూసినా నవ్వే. ఎఫ్రైన్ రొట్టె మీద వెన్న అంచుల దాకా ఓపిగ్గా రాస్తుంటే నవ్వు, అతని సాక్సు తన సాక్సులో దూరి కనిపిస్తే నవ్వు.

కానీ సొంత వంటిల్లు కావాలి. తలుపుకు గడియ ఉన్న గది కావాలి. ఆమెకు కావలసిందల్లా అదే.

తాముండే వాట్సన్‌విల్ ఊళ్లో చర్చి వెనకున్న హాల్లో ప్రతి శనివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆమె ఇంగ్లీషు పాఠం చెప్పేది. వచ్చేవాళ్లంతా స్ట్రాబెర్రీ తోటల్లో వంగి పనిచేసేవాళ్లు, కూరగాయలు గడ్డకట్టించే ఫ్యాక్టరీలో చేతులు మొద్దుబారేదాకా నిలబడేవాళ్లు. ఊరి పేపరువాళ్లు క్లాసుకని పదిహేను కాపీలు ఊరికే ఇచ్చేవారు. వార్తాపత్రికలతో పెద్దలకు భాష నేర్పడం గురించి నొయెమీ కాలేజీలో నలభై పేజీల వ్యాసం రాసింది. ప్రొఫెసరు బాగా మెచ్చుకున్నాడు. అందుకే మొదటి నెలంతా మొదటి పేజీనే చదివించింది. కౌన్సిల్ సమావేశాలు, కాలువ మరమ్మతులు. అందరూ మర్యాదగా ఆవలించారు. దోన్ ఫిదెన్సియో అనే పెద్దాయన మాత్రం తిన్నగా చావు కబుర్ల పేజీ తీసేవాడు.

"అదెందుకండీ, అన్నీ వదిలేసి?" అని అడిగిందొకసారి.

"ఎవరు పోయారో తెలిస్తే ఎవరి ఉద్యోగం ఖాళీ అయిందో తెలుస్తుంది కదా, టీచరమ్మా!"

ఆ వ్యాసంలో ఈ మాట లేదు.

సరే, కాస్త కిందికి దిగి చెబుదామని, మార్చి నెల రెండో శనివారం అద్దె ఇళ్ల ప్రకటనల పాఠం పెట్టుకుంది. హాలు ముందు తమ చిన్న ట్రక్కులో కూర్చుని పేపర్ల కట్ట విప్పి చూసింది. మూడో వరసలో, టైర్ల ప్రకటన పక్కన కనిపించింది. చిన్న ఇల్లు. రెండు పడకగదులు. వంటింట్లోకి పొద్దుటి ఎండ. పెరట్లో నిమ్మచెట్టు. వెంటనే చేరవచ్చు.

నొయెమీ గుండె ఎగిరి గంతేసింది. క్షణంలో కాపురం కూడా పెట్టేసింది. ఆ ఎండలో ఎఫ్రైన్ వెన్న రాస్తున్నాడు, తను చెట్టు నుంచి నిమ్మకాయ కోసుకొస్తోంది. వెంటనే ఫోన్ చేద్దామా? వద్దు, ఎఫ్రైన్ పన్నెండింటికి వస్తాడు, ఇద్దరం కలిసి చేస్తే ముచ్చటగా ఉంటుంది. ఇంతలోకే కొంపలేం మునుగుతాయి? ఈ ఊళ్లో శనివారం పొద్దున్నే అద్దె ప్రకటనలు చదివేదెవరు?

అలా అనుకుంటూనే పదిహేను కాపీలూ చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లి, తనకొకటి ఉంచుకుని మిగతావి పంచిపెట్టింది.

పాఠానికి ఏ ప్రకటనైనా సరిపోయేది. ఆమె మాత్రం ఏరి కోరి దాన్నే తీసుకుంది. పైకి చదవాలని ఒకటే ఆశ. ఉచ్చారణ కోసమని మూడుసార్లు చదివింది. నాలుగోసారి ఎందుకు చదివిందో ఆమెకే తెలియాలి.

"ఇప్పుడు నేను ఇంటి ఓనర్ని. మీరు ఫోన్ చేస్తున్నారు. ఒర్తెన్సియాగారూ, రండి!"

ఒర్తెన్సియా ఫ్యాక్టరీలో బ్రోకలీ కోస్తుంది. భర్త, ఇద్దరు పిల్లలతో మరిది ఇంటి ముందు గదిలో సర్దుకుంటోంది. అరటిపండును ఫోనులా చెవికి పెట్టుకుని వణుకుతూ నిలబడింది.

"అమ్మా, మీ ఇల్లు చాలా అందంగా..."

"ఆపండాపండి! మురిసిపోయినట్టు కనబడకూడదు! ముందు ప్రశ్నలడగాలి. నీళ్ల బిల్లు ఎవరు కడతారు? వానకు పైకప్పు కారుతుందా? పొయ్యి ఇంటితోపాటు ఇస్తారా? ఇవాళే వచ్చి చూడొచ్చా? 'ఇవాళే' అన్నమాట గట్టిగా అనాలి. మంచి ఇళ్లు మధ్యాహ్నం దాకా ఉండవు!"

ఇంత తెలివైన మాట ఆమె నోట్లోంచే వచ్చింది. చెవిదాకా మాత్రం పోలేదు.

ఒర్తెన్సియా ఐదుసార్లు చెప్పింది. ఆరోసారి వణుకు తగ్గింది. ఏడోసారికి ఓనరమ్మ వేషంలో ఉన్న నొయెమీయే కంగారుపడి పైకప్పు గురించి క్షమాపణ చెప్పేసింది. హాలంతా చప్పట్లు.

పదిన్నరకు కాఫీకి వదిలాక ఒర్తెన్సియా మళ్లీ కనిపించలేదు.

"బోరు కొట్టించానా?" అనుకుని నొయెమీ కాస్త నొచ్చుకుంది.

పన్నెండింటికి ఎఫ్రైన్ వచ్చాడు. వరండాలో డబ్బాఫోన్ దగ్గర ఇద్దరూ ఒకే రిసీవరుకు చెరో చెవీ ఆనించారు. అవతల మిసెస్ రాడిచ్ అనే ముసలావిడ.

"అయ్యో తల్లీ, గంట క్రితమే ఇచ్చేశాను."

"గంట క్రితమా!"

"ఎంత చక్కగా మాట్లాడిందనుకున్నావు! ప్రశ్న మీద ప్రశ్న. సింకు కిందికి దూరి గొట్టాలన్నీ చూసింది. ఇంత జాగ్రత్త గల మనిషి ఇల్లు పాడుచేస్తుందా? ఇంకెవర్నీ చూడనక్కర్లేదని తాళం చేతిలో పెట్టేశాను. ఎవరో టీచరు నేర్పిందట. ఆ టీచరు ఎవరో గానీ మహా గడుసుదై ఉండాలి."

నొయెమీ ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకుంది. ఎఫ్రైన్ పెదవి కొరుక్కుంటున్నాడు.

"నవ్వకు."

"నేనేం నవ్వట్లేదే. మహా గడుసు టీచరు భార్యగా దొరికిందని పొంగిపోతున్నాను."

"నోర్మూసుకో, ఎఫ్రైన్."

అంతలో ఒర్తెన్సియా పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో తాళం చెవి, మోకాళ్లకు దుమ్ము. వచ్చీ రాగానే నొయెమీని వాటేసుకుని ఎత్తేసినంత పని చేసింది.

"టీచరమ్మా, దొరికిందండీ! మీరు చెప్పినవన్నీ అడిగేశాను, ఒక్కటి వదల్లేదు! ఈ రాత్రి నా పిల్లలు తలుపేసుకుని పడుకుంటారు, టీచరమ్మా!"

ఎఫ్రైన్ నోరు తెరిచాడు. నొయెమీ అతని కాలు తొక్కింది.

"చాలా సంతోషం," అంది. అనేశాక చూసుకుంటే, అందులో ముప్పాతిక వంతు నిజమే. మిగతా పాతిక మాత్రం ఒక ప్రశ్న అడక్కుండా ఉండలేకపోయింది. "వంటిల్లు ఎలా ఉంది? ఎండ బాగా పడుతోందా?"

"ఏమో, చూడలేదండీ. మురిసిపోయినట్టు కనబడకూడదన్నారుగా! నేను గొట్టాలే చూశాను."

దోన్ ఫిదెన్సియో ఇంటికి బయల్దేరుతూ నొయెమీ చేతిలోని పేపరు వైపు చూశాడు. ఆ ప్రకటన చుట్టూ పెన్సిలుతో గీసిన గుండ్రం ఉంది. ఒకటి కాదు, మూడు గుండ్రాలు, వాటి పక్కన ఒక చిన్న గుండె బొమ్మ. ఆయన టోపీ సర్దుకున్నాడు.

"మరి మీకు ఇల్లేదీ, టీచరమ్మా?"

ఒర్తెన్సియా పేపరు లాక్కుని చూసింది. గుండె బొమ్మ చూసింది. మొహం పాలిపోయింది. తాళం చెవి నొయెమీ చేతిలో కుక్కబోయింది.

"తీసుకోండి. తెలిస్తే చేసేదాన్నే కాదు. ఒట్టు."

నొయెమీ ఆ తాళం చెవిని ఆమె గుప్పిట్లోనే ఉంచి వేళ్లు మూసింది. ఇద్దరు పిల్లల తలుపు అది. "మీరు ఫోన్ చేశారు. నేను చేయలేదు. పాఠం అంతే," అంది.

ఒర్తెన్సియా కళ్లు తుడుచుకుని పేపరు గోడకు పరిచి, వేలితో ఒక్కో వరసా వెతకడం మొదలుపెట్టింది. "ఇదిగో. బేకరీ మీద గది. చేయండి ఫోన్. ఇప్పుడే!"

నొయెమీ చేసింది. అవతలివాడు "హలో" అనగానే ఏడు వారాల సంతోషమంతా ఒక్కసారి గొంతులోకి వచ్చి, "మీ బేకరీ వాసన ఎంత బాగుంటుందో!" అనేసింది.

"అయ్యయ్యో!" అని ఒర్తెన్సియా నెత్తి కొట్టుకుంది. "నీళ్ల బిల్లు! నీళ్ల బిల్లు అడగండి!"

రెండింటికి వచ్చి చూడమన్నాడు. ట్రక్కులో ఉన్నది బల్లలాంటి ఒకటే పొడవాటి సీటు. కొత్త దంపతుల మధ్య, ఇద్దరినీ చెరో వైపుకు తోసి, ఒర్తెన్సియా కూర్చుంది.

"లోపలికి వెళ్లాక మీరు మాట్లాడకండి, టీచరమ్మా," అంది. "మీరు చూస్తూ ఉండండి. ఏది నచ్చినా నా చెయ్యి గిల్లండి. మిగతాది నేను చూసుకుంటాను."