తలకట్లు పెట్టని గోడ

అక్టోబరులో ఈ ఊరి ఎండకి వెలుగే గాని వేడి ఉండదు. చికాగో పక్కనున్న అరోరాలో, మాకు తెలిసిన జ్ఞానప్రసూన కొత్తగా పెడుతున్న పిండివంటల కొట్టు పక్కగోడ ముందు, మడత కుర్చీ వేసుకుని, ఒళ్ళో దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. పైన పరంజా మీద నా మనవరాలు రిషిత నిలబడి ఉంది. ఇటుక గోడ మీద ‘ప్రసూన ఘుమఘుమలు’ అని మనిషి ఎత్తు అక్షరాలు రాస్తోంది. పిల్ల ఒక్కతీ అంత ఎత్తున ఎక్కుతోందని మా అమ్మాయి గిరిజ నన్ను కాపలా పంపింది. పడితే నేను పట్టుకోగలనా పాడా, ఫోన్‌లో ఏ బొమ్మ నొక్కాలో మాత్రం చూపించి పంపింది.

నిజానికి నేను చూస్తున్నది పడుతుందా లేదా అని కాదు. దాని చేతిని చూస్తున్నాను.

రిషిత చికాగోలో ఒక కంపెనీలో పనిచేస్తుంది. ఫోన్ల మీద మనం నొక్కే గుర్తులు గీసే పనిట. రోజూ నేపర్‌విల్ నుంచి రైలెక్కి వెళ్ళి వస్తుంది. ఈ గోడ పూర్తవగానే అది మానేసి, ఇక చేత్తో అక్షరాలు రాసే బతుకుతానని మొన్ననే ఇంట్లో చెప్పింది. గిరిజ కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయింది. అల్లుడు మోహన్ గొంతు పెంచే మనిషి కాదు, ఉద్యోగం మానేస్తే మరి హెల్త్ ఇన్సూరెన్స్ ఎలాగమ్మా అని మాత్రం అడిగాడు. ఇంట్లో దాని పక్షాన మాట్లాడింది నేనొక్కదాన్నే. తాత విద్య మనవరాలికి వచ్చిందంటే అంతకంటే ఏం కావాలన్నాను.

ఆ మాట అన్న మర్నాడే ఈ గోడ చూశాను. మొదటి అక్షరం ‘ప’, దాని కింది వంపులో సన్నగా, నీటి మీద గాలి తగిలినట్టు, ఒక వణుకు కనిపించింది. ఆ వణుకు నాకు కొత్తది కాదు.

మా ఆయన చక్రపాణి గుడివాడలో బోర్డులు రాసేవారు. లారీల వెనక, బట్టల కొట్ల మీద, ఎన్నికలొస్తే గోడల మీద, ఎక్కడ చూసినా ఆయన అక్షరాలే. దారానికి సుద్ద పట్టించి, అటో మేకూ ఇటో మేకూ కొట్టి లాగి వదిలితే గోడ మీద తెల్లటి గీత పడేది. ఆ గీత మీద అక్షరాలు కూర్చోబెట్టేవారు. ముందు అక్షరాల ఒళ్ళన్నీ రాసుకుంటూ పోయి, తలకట్లన్నీ ఆఖర్న ఒక్క ఊపులో పెట్టేవారు. అప్పుడే అన్నీ ఒక్క వాలులో ఉంటాయిట, లేకపోతే పొద్దున పెట్టిన తలకట్టు ఒకలా, సాయంత్రం పెట్టింది ఒకలా వస్తుందిట. అలాంటి మనిషికి ఒక ఏడాది టీ గ్లాసు పెదవి దాకా తెచ్చుకునేసరికి సగం చొక్కా మీద పడడం మొదలైంది. ఖాళీగా ఉన్నంతసేపూ చెయ్యి బాగానే ఉండేది, పనిలో పెట్టిందంటే చాలు, వణికేది. ఆ తరవాత అక్షరాల వంపుల్లోకి ఆ అల వచ్చింది. బెజవాడ డాక్టరుగారు చూసి, ప్రాణానికి భయం లేదుగాని ఇది కుటుంబంలో దిగుతుందమ్మా, పిల్లలకి రావచ్చు, వాళ్ళ పిల్లలకీ రావచ్చు అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి గిరిజ కూరలు తరుగుతున్నా, సూదిలో దారం ఎక్కిస్తున్నా దాని వేళ్ళనే చూసేదాన్ని. దానికి రాలేదు. గండం గడిచిందనుకున్నాను.

ఇప్పుడు దీనికి వచ్చిందేమో. అదీ చేతినే నమ్ముకుని ఉద్యోగం మానేస్తానంటున్న పిల్లకి.

పొద్దుటినుంచి చూస్తున్నాను, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. చలికేనా? రంగు డబ్బా మూత కింద పడేసుకుంది. తొందరకేనా? జాకెట్ జిప్పు పెట్టుకోవడానికి తంటాలు పడింది. ఒక్కోదానికీ నేనే ఒక సాకు చెప్పుకుంటున్నాను, చెప్పుకున్న సాకు నేనే నమ్మడం లేదు.

ఇంతలో జ్ఞానప్రసూన కారు దిగింది. రేపు పొద్దున్నే పూజ, పంతులుగారు వచ్చేస్తారు. గోడ వైపు ఒకసారి చూసి నా పక్కకి వచ్చి నిలబడింది.

“ఏంటి పిన్నిగారూ, అక్షరాలన్నిటికీ తిరుపతిలో గుండు కొట్టించినట్టుంది?”

“తలకట్లు ఆఖర్న పెడతారమ్మా. మా ఆయన పద్ధతి.”

“సాయంత్రానికి జుట్టొస్తుందా మరి? మా ఆయనకి పాతికేళ్ళ నుంచి రాలేదు.”

పైనుంచి రిషిత నవ్వి, “ఈవినింగ్‌కి డన్ ఆంటీ, ప్రామిస్,” అంది. జ్ఞానప్రసూన వెళుతూ వెళుతూ ఆ అల బలే ఉందే, బోర్డులు రాసే వాళ్ళెవరికీ ఇలా రాదు అని మెచ్చుకుంది. నేను రిషిత చేతి మీంచి చూపు తిప్పలేదు.

మధ్యాహ్నం దిగి వచ్చి పులిహోర డబ్బా తెరిచింది. ఇక నావల్ల కాలేదు.

“చెయ్యి చాపవే ఒకసారి.”

“ఎందుకు అమ్మమ్మా?”

“చాపమంటున్నాగా.”

చాపింది. వేళ్ళకి ఎర్రరంగు. కదులుతున్నట్టే ఉంది నాకు. కదులుతున్నది దాని చెయ్యో, నీళ్ళు కమ్మిన నా కళ్ళో తెలియలేదు.

“ఆ ‘ప’ కింద గీత అలా వణికిందేమే తల్లీ?”

అది పకపకా నవ్వింది. “వణకలేదు అమ్మమ్మా. అది తాత స్టైల్. చిన్నప్పుడు డైనింగ్ టేబుల్ దగ్గర నేర్పించాడు కదా. లెటర్ నీళ్ళలో నీడ లాగా ఉండాలి, అందరికీ రాదు అని చెప్పాడు. ఎంత ప్రాక్టీస్ చేశానో తెలుసా? ఇప్పుడు ఎంత వేవ్ కావాలంటే అంతే వస్తుంది.”

ఆ రోజులు నాకు బాగా గుర్తు. మా ఆయన ఆఖరి రోజుల్లో, ఇక్కడ గిరిజ ఇంట్లో, తాతా మనవరాలూ టేబుల్ దగ్గర కూర్చుని కాగితాలు ఖరాబు చేస్తుంటే నేను వంటింట్లో ఉండేదాన్ని. పిల్లకి తెలుగు చదవడం రాదు, అక్షరాన్ని బొమ్మలాగే చూసి దించేది. అక్షరంతోపాటు ఆ వణుకునీ దించుకుంది.

అయినా నా అనుమానం తీరలేదు. తిన్నగా ఒక్క గీత గీసి చూపించమన్నాను. చెత్తబుట్ట పక్కన పడున్న అట్టపెట్టె తీసుకుని, కుంచె ముంచి, ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్క లాగు లాగింది. సుద్ద దారంతో కొట్టినట్టు వచ్చింది గీత. నాకు ఊపిరి ఆడింది.

కానీ ఆ పిల్ల అట్ట వైపు చూడడం లేదు. నా మొహం చూస్తోంది.

“అమ్మమ్మా, అది స్టైల్ కాదా?”

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. సూటిగా చూస్తున్న పిల్లకి అబద్ధం ఎలా చెప్పను? జబ్బు సంగతి చెప్పాను. డాక్టరుగారు అన్నదీ చెప్పాను, కుటుంబంలో దిగుతుందన్నదీ దాచలేదు. వింటూ వింటూ పులిహోర డబ్బాకి మూత పెట్టేసింది.

“తినేటప్పుడు తాత చెయ్యి షేక్ అయ్యేది, నాకు తెలుసు. ఓల్డ్ కదా అనుకున్నా. రాసేటప్పుడు మాత్రం కావాలని అనుకున్నా.” డబ్బా పక్కకి నెట్టి, “మరి నాకెందుకలా చెప్పాడు?” అంది.

“నీ ముందు చెయ్యి వణికే పెయింటరు అనిపించుకోవడం ఇష్టంలేక అయ్యుంటుంది.”

“అమ్మకి తెలుసా?”

“జబ్బు సంగతి తెలుసు. నువ్వు దాన్ని నేర్చుకున్నావని ఎవరికీ తెలియదే.”

లేచి పరంజా ఎక్కింది. కుంచెలో రంగు నింపి, ‘ప్ర’ నెత్తి మీద చెయ్యి ఎత్తి అలాగే నిలబడిపోయింది. కుంచె కొసన రంగు బొట్టు కడుతోంది. నేను చూస్తుండగానే దాని మోచెయ్యి అదిరింది, ఈసారి నా కళ్ళ తప్పు కాదు. ఎందుకు చెప్పానురా భగవంతుడా అనుకున్నాను. తిన్నగానే పెట్టెయ్యి తల్లీ, ఎవరడుగుతారు అని కేకేశాను. ఒళ్ళంతా అల ఉండి తల తిన్నగా ఉంటే వేరేవాళ్ళు రాసినట్టుంటుందని అటు తిరిగే చెప్పింది.

తలకట్టు ఒకటి పెట్టింది. కిందనుంచి నాకు బాగానే కనిపించింది. అదేమో కాసేపు చూసి, గుడ్డకి టర్పెంటైన్ అద్ది మొత్తం తుడిచేసింది.

“ఇది నేను వేసిన వేవ్ కాదు,” అంది.

పరంజా కడ్డీ పట్టుకుని కిందకి వంగింది.

“అమ్మమ్మా, నాకు నిజంగా స్టార్ట్ అయితే నీకు తెలుస్తుందా?”

“తెలుస్తుంది.”

“అప్పుడు చెప్తావా? స్టైల్ అనకుండా?”

“చెప్తాను.”

కుర్చీ గోడకి దగ్గరగా లాక్కున్నాను. కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని పెట్టుకున్నాను. అది మళ్ళీ కుంచె ముంచి, ఈసారి చెయ్యి ఎత్తి ఆపకుండా పెట్టేసింది. చిన్న అల లేచి, వాలి, సన్నగా ముగిసింది.

“ఇది?” అంది వెనక్కి తిరగకుండానే.

పట్టి పట్టి చూశాను. “నీదే.”

‘సూ’కి పెట్టింది. “ఇది?”

“నీదే.”

పరంజా మీద పక్కకి జరిగి ‘న’కి పెట్టింది. అడిగింది. ఈసారి నేను కుర్చీలోంచి లేచి, గోడ దాకా వెళ్ళి, తలెత్తి చాలాసేపు చూసి గాని జవాబు చెప్పలేకపోయాను. అంతసేపూ అది కుంచె గాల్లో పట్టుకుని అలాగే నిలబడింది.