ఊటీలో వసుమతి ఇల్లు

ఎండాకాలం వస్తే ఆబిడ్స్ ఇంట్లోవాళ్లంతా ఊటీకి పోయేవారు. చిన్నకోడలు వసుమతి మాత్రం ఇంటికి కాపలా. "అందరం పోతే ఇల్లెవరు చూస్తరు, మామిడికాయ తొక్కెవరు పెడ్తరు?" అని తోటికోడలు శశికళ ఏటా నవ్వుతూ అనేది. ఆ నవ్వును వసుమతి తొక్కుతోపాటే జాడీలో ఊరబెట్టింది.

చివరికి పుట్టింటివాళ్లిచ్చిన పొలం అమ్మి, భర్తను పంపి, ఊటీలో చిన్న ఇల్లు కొనిపించింది. గుమ్మం దిగి నాలుగడుగులు వేస్తే బజారట. అక్కడి చలి ఎలా ఉంటుందో ఆమె ఒక్కసారీ ఊహించుకోలేదు. ఊహించుకున్నదల్లా శశికళ ముఖాన్నే.

"ఏందే, ఈసారి కిరాయి ఫికర్ లేదన్నట్టు," అంటూ శశికళ శాలువాలు ఎండలో ఆరవేస్తోంది.

"ఔ అక్కా. బావగారు, పిల్లలు అందరూ వస్తున్నరు. నువ్వు జర ఇల్లు చూస్కో. అందరం పోతే తొక్కెవరు పెడ్తరు?"

వసుమతి నవ్వుతూనే అన్నది. శశికళ పరిచిన శాలువాల్లోంచి తనది ఒక్కటే తీసి మడతపెట్టుకుని లోపలికి పోయింది.

నాంపల్లి స్టేషన్లో బండి కూత వేసింది. వసుమతికి ఉన్నపళంగా దిగి ఇంటికి పోవాలనిపించింది. మామిడికాయలు ముందేసుకుని ఒంటరిగా కూర్చున్న శశికళను చూడకుండా, ఆ కొండల మీద తను చూడవలసిందేముంది?