శుక్రవారం పొరలు

"ఈ పదకొండు వరసలూ కొట్టేశారా, సార్?" అని అడిగింది నెందెన్.

"కొట్టేశానక్కా," అన్నాడు రహాదియన్, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. బాండుంగ్‌లోని ఆ ప్రయోగశాలకి అతనే పెద్ద. ముప్పై నిండాయో లేదో, డాక్టరేటు మాత్రం ఉంది. "మిగతావన్నీ ఊడిపోతే ఇవి మాత్రం అంటుకుని ఉండటమేంటి? చేతి తప్పు అయ్యుంటుంది. గురువారం జకార్తాకి రిపోర్టు పోవాలి. ఈ పని మన దగ్గర కుదరదని రాసేస్తున్నా."

చేతి తప్పట. ఇరవై రెండేళ్ళుగా ఆ ఫర్నేస్‌ని నడుపుతున్న చెయ్యి అది. గాజు పలక మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు రాగి పొర పూసి, గాలి తీసేసి, మూడు వందల డిగ్రీల దాకా వేడి చేస్తే పొరలోని సన్నరవ్వలాంటి రేణువులు ఒకదానితో ఒకటి కలిసి లావవుతాయి. కరెంటు సాఫీగా పారుతుంది. అంతవరకూ బాగానే జరిగేది. బయటికి తీశాక టేపు అంటించి లాగితే మాత్రం పొర మొత్తం టేపుతో వచ్చేసేది, ఆ పదకొండు పలకల మీద తప్ప. ఆమె పెట్టినవే అవి. వాటిని తప్పని తీసేస్తే ఇన్నేళ్ళ పనికీ అర్థం లేదు.

నెందెన్ తన నోటుపుస్తకం తెచ్చి అతని ముందు పెట్టింది. "తేదీలు చూడండి. అన్నీ శుక్రవారాలే."

పక్క బల్ల దగ్గర పనిచేసుకుంటున్న ఎంతిస్ పకపకా నవ్వాడు. "శుక్రవారం మహిమంటావా అక్కా? అయితే వారంలో ఏడు రోజులూ శుక్రవారమే చేసేద్దాం."

"మహిమా లేదు, మన్నూ లేదు. శుక్రవారం పదకొండున్నరకల్లా మీరందరూ మసీదుకి పోతారు. పోయినవాళ్ళు ఊరికే వస్తారా, ఆకులో చుట్టిన అన్నం, చేప, సంబల్ పచ్చడి అన్నీ కానిచ్చి రెండింటికొస్తారు. ఇద్దరు లేనిదే ఫర్నేస్ తలుపు తీయకూడదని రూలాయె. ఉండేది నేనొక్కదాన్నే, అందుకని అది మూసే ఉంటుంది. మిగతా రోజుల్లో తొందరకొద్దీ చెయ్యి కాలుతుండగానే తీసేస్తారు. ఒక్కసారిగా చల్లగాలి తగిలితే గాజు ముడుచుకునే తీరు వేరు, రాగి ముడుచుకునే తీరు వేరు. ఊడక ఏం చేస్తుంది?"

రహాదియన్ తల ఎత్తాడు. "ఈ మాట ముందే చెప్పొచ్చుగా."

"మూడుసార్లు చెప్పాను. మీరు ఊఁ అన్నారు."

అతను కాసేపు పుస్తకం తిరగేశాడు. "సరే. రేపు మంగళవారం. ఒక్క పలక పెట్టండి. అదీ ఊడిందంటే రిపోర్టు ఇలాగే పోతుంది."

మర్నాడు పదకొండింటికి వేడి ఆపేసి, నెందెన్ ఫర్నేస్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. పన్నెండింటికి ఎంతిస్ వచ్చాడు. "ఒకసారి తీసి చూద్దామక్కా. చల్లారే దాకా ఊదుతూ కూర్చోడానికి ఇదేమన్నా టీనా?"

"నీ పని నువ్వు చూసుకో."

రహాదియన్ రెండుసార్లు వచ్చి డిగ్రీలు చూసి వెళ్ళాడు. ఆమెకి భయం లేకపోలేదు. పొర ఊడిందంటే ఎంతిస్ ఏడాది పొడుగునా దెప్పుతాడు. అది పడొచ్చు. కానీ ఆ కుర్ర పెద్దమనిషి జాలిపడితే మాత్రం ఆమె ఓర్చుకోలేదు.

రెండు దాటాక రహాదియన్, ఆమె కలిసి తలుపు తీశారు. పలక చల్లగా ఉంది. మిగిలినవాళ్ళూ వచ్చి చుట్టూ మూగారు. నెందెన్ టేపు ముక్క అంటించి వెనక్కి జరిగింది.

"మీరే లాగండి, సార్. నేను లాగితే మళ్ళీ చేతి తప్పంటారు."

రహాదియన్ లాగాడు. ఇంకో ముక్క తీసుకుని, బొటనవేలితో గట్టిగా రుద్ది మళ్ళీ లాగాడు. టేపుకి రవ్వంత రాగి కూడా అంటలేదు. పలక మీద పొర ఎక్కడా చెదరకుండా నిండుగా మెరుస్తోంది. నెందెన్ గుండె పొంగిపోయింది. ఆ సంగతి దాచుకోవాలని కూడా ఆమెకి అనిపించలేదు.

అతను కూర్చుని, కొట్టేసిన పదకొండు వరసలూ తిరిగి చేర్చాడు. కింద మంగళవారం పలకని కూడా రాశాడు. కారణం అన్నచోట నిదానంగా చల్లార్చడం అని టైపు చేశాడు. కనిపెట్టినవారు అన్నచోట ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కా, మీ పూర్తి పేరేంటి?"

ఏడాదిగా ఒకే గదిలో పనిచేస్తున్నారు. ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"నెందెన్ రొహాయెతి," అంది. "రాయండి. నేను చూస్తుంటాను."