శుక్రవారం పోయిన సీటు

శుక్రవారం నాడు ఇంట్లోంచి డబ్బు బయటికి వెళ్తే లక్ష్మీదేవి నిజంగా అలుగుతుందా? ఈ అనుమానం నాకు పెళ్లయిన కొత్తల్లోనే పుట్టింది. మా అత్తగారిని అడిగితే చెంపలు వేసుకోమన్నారు. గుడి పంతులుగారిని అడిగితే పెద్దలు చెప్పింది చేయమన్నారు. నేను పూజ మానిన మనిషిని కాను. పొద్దున్నే స్నానం చేసి, గడపకు పసుపు రాసి, దీపం పెట్టాకే పొయ్యి వెలిగిస్తాను. దేవుడి మీద నాకు సందేహం లేదు. దేవుడి పేరు చెప్పి మనం పెట్టుకున్న కట్టుబాట్ల మీదే ఆ కాస్త సందేహం.

మాది శాలిబండ. మెయిన్ రోడ్డు మీద మా ఆయన వెంకటనారాయణకు పూజాసామాన్ల దుకాణం ఉంది. మామగారి కాలం నుంచీ మంగళవారం, శుక్రవారం బీరువాలోంచి ఎవరికీ పైసా ఇవ్వకూడదని నియమం. సరుకు తెచ్చే వ్యాపారులూ ఇలాంటివాళ్లే కనుక ఆ రోజుల్లో అడగరు. దీపాలు పెట్టాక పక్కింటివాళ్లు పెరుగు తోడుకు వచ్చినా ఇవ్వం. ఈ పద్ధతి వల్ల దుకాణానికి ఎప్పుడూ నష్టం రాలేదు. తెలిసినవాళ్ల మధ్య నడిచే వ్యవహారం కదా. కాలేజీలవాళ్లకు మా పద్ధతి తెలియదు.

మా ఒక్కగానొక్క కూతురు స్రవ్య ఇంటర్ అయ్యాక మైక్రోబయాలజీ చదువుతానని పట్టుబట్టింది. అదేం చదువని అడిగితే, ఇడ్లీపిండి ఎందుకు పులుస్తుందో చెప్పే చదువంది. నేను పదో తరగతితో ఆగినదాన్ని. రోజూ నేను చేసే పని మీద అన్ని పుస్తకాలు ఉన్నాయంటే ముచ్చటేసింది. ఇంటికి దగ్గర్లోని చిన్న ఆడపిల్లల కాలేజీలో చేర్చాం. మొదటి ఏడు బాగానే గడిచింది. రెండో ఏడు మొదట్లో ప్రిన్సిపాల్ తల్లిదండ్రులను పిలిచి, చాయ్ ఇచ్చి, కొత్త పిల్లలు చేరడం లేదు కాబట్టి కాలేజీ మూసేస్తున్నామని చెప్పారు. టీసీలు అప్పటికే రాసి పెట్టారు.

రెండో కాలేజీ మూసీ అవతల. పెద్ద గేటు, పెద్ద బోర్డు. తమ పరీక్షలు తామే పెట్టుకునే కాలేజీ అది. స్రవ్య ముందు చదివిన పేపర్లు కొన్ని వాళ్లవాటితో సరిపోలేదని మళ్లీ రాయించారు. పర్యావరణం పేపరు అలా రెండోసారి పాసైంది. ఆ ఏడు ముగిసేసరికి మైక్రోబయాలజీ చెప్పే మేడం ఉద్యోగం మానేసింది. ఆ గ్రూపే ఎత్తేస్తున్నాం, బీకాంలో కూర్చోమన్నారు. బీకాం దుకాణానికి పనికొస్తుందని మా ఆయన సంతోషించారు. స్రవ్య అన్నం దగ్గర కూర్చుని లేచిపోయేది.

అప్పుడు అమల పూనుకుంది. మా మేడ మీద అద్దెకుంటుంది. రాజమండ్రి వైపు మనిషి, ఇక్కడ ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. ఎక్కడ ఏ కాగితం ఎలా కదులుతుందో తెలుసు. నలుగురికి ఫోన్లు చేసి, మాదన్నపేట దాటాక ఒక కాలేజీలో మూడో ఏడు మైక్రోబయాలజీకి ఒక సీటు ఖాళీగా ఉందని కనుక్కుంది. వేరే కాలేజీ నుంచి మారేవాళ్లను చేర్చుకోవడానికి అదే చివరి రోజు. ఆ రోజు శుక్రవారం.

అమల సగం రోజు సెలవు పెట్టి మమ్మల్ని ఆటోలో తీసుకెళ్లింది. దారిలో, "సీటు రాగానే నాకు బొబ్బట్లు బాకీ, వదినగారూ. మీ దుకాణంలోలాగా అరువులు ఇక్కడ కుదరవు" అంది. బొబ్బట్లు కాదు, పోలెలనాలని స్రవ్య సరిదిద్దింది. పేరు ఏదైనా పెట్టుకోండి, నెయ్యి మాత్రం తగ్గించకండి అంది అమల. చాలా రోజుల తరువాత స్రవ్య నవ్వగా చూశాను.

కాలేజీలో కాగితాలన్నీ చూసి సరిపోయాయన్నారు. సాయంత్రం నాలుగింటి లోపల ఫీజు కడితే యూనివర్సిటీ సైటులో పేరు ఎక్కిస్తామన్నారు. నేను మా ఆయనకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"ఇయ్యాల శుక్రవారం కదనే," అన్నారు. "రేపు పొద్దుగాల బోణీ కాంగనే పంపిస్త. ఒక్క పూటకు ఏమైతది?"

"ఇయ్యాలనే ఆఖరు బాపు," అంది స్రవ్య.

"ఆఖరని అందరూ అంటరు బిడ్డా. గిన్నేండ్ల సంది బేరం జేస్తున్న, ఆఖరు తారీఖు ఒక్క దినం జరపనోన్ని నేను జూడలే. ఆ సారుకియ్యి ఫోను."

మా వెనకాల ఇంకా మనుషులు నిలబడి ఉన్నారు. క్లర్కు ఫోన్ తీసుకుని, సరే రేపు చూద్దాం లెండి అని తిరిగి ఇచ్చేశాడు. మా ఆయనకు అది మాట ఇచ్చినట్టే. బజారులో అంతకంటే చిన్న మాట మీద లారీల సరుకు దిగుతుంది.

తన డబ్బు కడతానని అమల పర్సు తీసింది. ఆ సంగతి చెప్పేసరికి మా ఆయన గొంతు మారిపోయింది. శుక్రవారం పూట ఇంకో ఇంటి లక్ష్మిని బయటికి తీయించిన పాపం తనకు వద్దన్నారు. మా ఇంటి సంగతి మాకు విడిచిపెట్టమని ఆమెకు చెప్పమన్నారు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది, స్పీకర్‌లో అమల విన్నది. పర్సు మూసేసి, బల్ల మీద పరిచిన కాగితాలను ఒక్కొక్కటిగా కవరులో పెట్టి స్రవ్య చేతికిచ్చింది.

మర్నాడు డబ్బు పట్టుకుని ఆయనే స్వయంగా వెళ్లారు. అది రెండో శనివారం. గేటుకు తాళం. సోమవారం నేను కూడా వెళ్లాను.

"సైటు శుక్రవారమే బందయిందమ్మా," అన్నాడు క్లర్కు. "నా చేతుల ఏముంది?"

ఆ సీటు ఎవరికి వచ్చిందని అడిగాను. ఎవరికీ రాలేదట, ఖాళీగానే మిగిలిపోయిందట. ఏ పిల్లకో వచ్చి ఉంటే మనసుకు కొంచెం ఊరటగా ఉండేది.

ఇంటికొచ్చాక ఆయన దేవుడి గది ముందు కూర్చుని, దేవుడు ఇట్లనే రాసిండు అన్నారు.

"దేవుని మీద పెట్టకు బాపు," అంది స్రవ్య. "కాలేజీ సారు నాలుగింటి దాక కూసున్నడు."

ఆయన లేచి దుకాణానికి వెళ్లిపోయారు. ఫీజు డబ్బు మళ్లీ బీరువాలోకి చేరింది. లక్ష్మి మా ఇల్లు కదలలేదు. ఆమెకు దండం పెడుతూనే, నీకు ఇదే కావాలా తల్లీ అని మనసులో అడిగాను.

ఆ ఏడంతా స్రవ్య దుకాణంలో కర్పూరం పొట్లాలు కట్టింది. తరువాతి ఏడు ఉప్పల్ అవతల ఒక కాలేజీలో సీటు దొరికింది, రెండు బస్సులు మారి వెళ్లాలి. వాళ్లు మూడో ఏడులో కూర్చోబెట్టలేదు. పెద్ద గేటు కాలేజీ పేపర్లు తమ దగ్గర చెల్లవని రెండో ఏడు మళ్లీ చదివించారు. వెలిగే దీపాన్ని ఈ గదిలోంచి ఆ గదిలోకి తీసుకెళ్తే ఆరిపోదు. చదువు మాత్రం గడప దాటిన ప్రతిసారీ ఎందుకు ఆరిపోతుందో నాకు ఎవరూ చెప్పలేదు. పర్యావరణం పేపరు మూడోసారి రాసి వచ్చిన రోజు స్రవ్య, "అమ్మా, చెట్లు నరకనని ముగ్గురికి మాటిచ్చిన" అంది. అది నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

అమలతో పలకరింపులు మెట్ల దగ్గరికే పరిమితమయ్యాయి. ఉగాదికి పోలెలు చేసినప్పుడల్లా నాలుగు విడిగా తీసి మూతపెట్టేదాన్ని. సీటు రాకుండా ఏ మొహం పెట్టుకుని తీసుకెళ్లను? సాయంత్రానికి మేమే తినేవాళ్లం.

డిగ్రీ చేతికొచ్చింది మొన్న వేసవిలో. కాటేదాన్ వైపు పసుపు, కారం, నూనెలు పరీక్ష చేసే ల్యాబులో ఒక ఉద్యోగం ఉందని దుకాణానికి వచ్చే వ్యాపారి చెప్పాడు. ముగ్గురం వెళ్లాం. అక్కడి మేనేజరు ఫణికుమార్ అడిగిన వాటికన్నింటికీ స్రవ్య తడుముకోకుండా జవాబు చెప్పింది. ఆయన మెచ్చుకున్నాడు కూడా. ఆ తరువాత సర్టిఫికెట్లు తిరగేశాడు.

"ఏందమ్మా, ఒక్క డిగ్రీకి మూడు కాలేజీలా? యాడ గూడ నిలువలేదా?"

స్రవ్య కాలేజీ మూతపడిన సంగతి, గ్రూపు ఎత్తేసిన సంగతి చెప్పింది. మరి నడుమ ఒక ఏడు ఏమైందని ఆయన అడిగాడు. సాంపిల్ పెట్టాక అందులో క్రిములు పెరిగే దాకా దగ్గరుండి చూసుకోవాలని, నడిమిట్ల ఇడిచిపెట్టి పోయేటోళ్లతోని పని కాదని అన్నాడు.

స్రవ్య తండ్రి వైపు చూసింది. నేనూ చూశాను. శుక్రవారం గురించి చెప్పనక్కరలేదు. పిల్ల తప్పేమీ లేదని ఒక్క మాట అంటే చాలు.

ఆయన చేతిలోని సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "ఆడపిల్ల కద సార్," అన్నారు. "ఏవో ఇబ్బందులు."

ఫణికుమార్ సర్టిఫికెట్లు మూసి, చూద్దాం, కబురు చేస్తామన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో ఈసారి మా ఆయనకూ తెలిసింది.

ఆటోలో తిరిగి బయల్దేరాం. ఆయన దుకాణం దగ్గర దిగిపోయారు. ఇంట్లోకి రాగానే స్రవ్య కాళ్లు కడుక్కుని, వంటింట్లో పై అరలోంచి శనగపప్పు డబ్బా దించింది.

"పోలెలు చేద్దామమ్మా. అమల ఆంటీకి బాకీ ఉన్నం కద."

"ఇయ్యాల ఏముందని?"

"ఏం లేదు. సీటొచ్చినంకనే ఇద్దామంటే ఇగ ఎన్నడియ్యం?"

పప్పు ఉడకబెట్టింది, బెల్లం దంచింది. నేను పిండి కలిపాను. చేస్తున్నంతసేపూ అది నా వైపు చూడలేదు. నెయ్యి కారుతుండగానే గిన్నెలో సర్దుకుని ఇద్దరం మేడ మీదికి వెళ్లాం.

అమల అప్పుడే ఆఫీసు నుంచి వచ్చింది. మూత తీసి చూసింది. తరువాత స్రవ్య మొహం చూసింది.

"ఉద్యోగం వచ్చిందా అమ్మా?"

"రాలేదాంటీ."

అమల చేతిసంచి ఇంకా భుజాన ఉండగానే ఒక పోలె తీసుకుని, వాకిట్లో నిలబడే పూర్తిగా తింది. మిగిలినవి పళ్లెంలోకి మార్చి గిన్నె కడిగింది. ఉత్త గిన్నె ఇవ్వకూడదు కనుక చక్కెర డబ్బా కోసం చెయ్యి చాచింది.

స్రవ్య వంటగట్టు దాకా వెళ్లి ఆమె ముందున్న గిన్నె తీసుకుంది.

"ఖాళీగనే ఇయ్యుండ్రి ఆంటీ. మళ్లొక బాకీ వద్దు."

నేను చెప్పులు వేసుకునేలోపే, తడి గిన్నె చున్నీతో తుడుచుకుంటూ అది మెట్లు దిగిపోయింది.