టాప్ క్వార్క్ బరువు

ఉదయశ్రీ వంకాయలు కోసి ఉప్పునీళ్ళలో వేస్తుంటే భర్త రవీంద్ర వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆదివారం మా ఆఫీసు సార్‌ను భోజనానికి పిలిచిన. ఫ్యామిలీతోని వస్తున్నడు."

"ఆదివారం మధ్యాహ్నం నాకు సెమినార్ ఉన్నదని చెప్పిన కదా."

"అరే, నీది ఆన్‌లైనే కదా. బెడ్‌రూమ్‌ల కూసొని మాట్లాడుకో, ఎవరు వద్దన్నరు? వంట ముందే చేసిపెడితే అయిపాయె."

నిజమే, ఎవరూ వద్దనలేదు. ఈ ఇంట్లో ఆమెను ఎవరూ దేనికీ వద్దనరు. పెళ్ళయి సూరత్ వచ్చిన కొత్తలో అత్త విజయరాణి, కోడలు డాక్టరట అని తెలుగువాళ్ళుండే గోడాదరా పేట అంతా చెప్పుకుని మురిసిపోయింది. ఆ డాక్టర్ సూది వేసే డాక్టర్ కాదని, ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ అని తెలిశాక, "మరి దేనికొస్తది?" అని అడిగింది. ఆ ప్రశ్నలో కోపం లేదు, వెటకారం లేదు. ఇప్పుడు ఆమె ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతోంది. పొద్దున్నే రవీంద్ర కంపెనీ బస్సెక్కి హజీరా ఫ్యాక్టరీకి వెళ్ళిపోతాడు. మగ్గాల పక్కన ఏళ్ళ తరబడి పనిచేసి చెవులు పోగొట్టుకున్న అత్త టీవీ ముందు కూర్చుంటుంది. ఇల్లు సర్దుకున్నాక మిగిలిన వేళల్లో ఉదయశ్రీ తన లెక్కలు చేసుకునేది. వాటి గురించి మాట్లాడగల మనిషి ఆమెకు ఒక్కరే ఉన్నారు, హైదరాబాద్‌లోని తన గైడ్ భుజంగరావు. "ఎంతవరకు వచ్చిందమ్మా నీ పని?" అని ఆయన ఫోన్ చేస్తే పొయ్యి కట్టేసి మరీ మాట్లాడేది.

వాళ్ళిద్దరి పనీ గురుత్వాకర్షణ మీద. అతి చిన్న దూరాల్లో దాన్ని లెక్కకట్టబోతే అంకెలు అంతూపొంతూ లేకుండా పెరిగిపోతాయి. అలా పెరగవు, ఒకచోట స్థిరపడతాయి అని చెప్పే సిద్ధాంతం ఒకటుంది. దాన్ని అసింప్టాటిక్ సేఫ్టీ అంటారు. అదే నిజమైతే కణాల బరువులు ఎలా పడితే అలా ఉండడానికి వీల్లేదు. టాప్ క్వార్క్ అనే కణం ఇంత ఉండాలి, హిగ్స్ కణం ఇంత ఉండాలి అని సిద్ధాంతం ముందే గీత గీస్తుంది. ప్రయోగశాలల్లో కొలిచిన బరువు ఆ గీతకు తగలాలి. తగులుతుందని భుజంగరావు పేపర్లు రాశాడు. లెక్క తేలికవడం కోసం ఆయన సమీకరణంలోంచి వదిలేసిన ఒక పదాన్ని ఉదయశ్రీ తిరిగి లెక్కలోకి తెచ్చింది. టాప్ క్వార్క్ కొలిచినదానికన్నా తేలికగా వచ్చింది. "నీ పొరపాటే అయ్యుంటుంది, మళ్ళీ చూడు" అన్నాడాయన. ఇంకో పద్ధతిలో చేసింది. అదే వచ్చింది.

ఆదివారం అతిథులు కూర్చునేసరికి గుత్తివంకాయ, పప్పు, పులిహోర బల్ల మీదున్నాయి. ఉదయశ్రీ చీర మార్చుకుని బెడ్‌రూమ్ తలుపు వేసుకుంది. ప్రసంగం బాగానే సాగింది. చివర్లో తెర మీద ఒకావిడ ఇంగ్లీషులో సూటిగా అడిగింది. "ఇంతకీ ఈ సిద్ధాంతం కొలతలతో పొసగుతుందా, లేదా?"

అప్పుడే తలుపు దబదబా మోగింది. చెవులు వినబడని మనిషి గొంతు వీధిలోకి వినబడుతుంది. "ఉదయా! సార్‌కు పెరుగు గావాల్నట! ఫ్రిజ్‌ల కనవడ్తలేదే!"

తెర మీది ముఖాలు నవ్వాయి. ఆమె మైకు ఆపి, తలుపు తీసి, కింది అరలో ఉందని అత్త చెవిలో చెప్పి వచ్చింది. అప్పటికే భుజంగరావు మాట్లాడుతున్నాడు. "మా అమ్మాయి వంటపనిలో ఉన్నట్టుంది, నేను చెబుతాను. కొలతలతో ఏ పేచీ లేదు. ఆవిడ చూపించిన తేడా ఆవిడ లెక్కలో జరిగిన చిన్న పొరపాటు. సరిచేస్తున్నాం."

ఉదయశ్రీ కుర్చీ మీద మెల్లగా కూర్చుంది. ఊరుకుంటే ఆ ఫోన్లు వస్తూనే ఉంటాయి. నోరు విప్పితే, తన భాష తెలిసిన ఆ ఒక్క మనిషీ ఉండడు. ఆ తర్వాత ఈ ఊళ్ళో తను ఎవరితో మాట్లాడుతుంది? మైకు మీద వేలు పెట్టింది. తర్వాత నొక్కింది.

"క్షమించండి, ప్రశ్న నన్ను అడిగారు. అది పొరపాటు కాదు. రెండు పద్ధతుల్లో చేశాను. సిద్ధాంతమే తప్పని నేను అనడం లేదు. మేం రాసుకున్న రూపంలో మాత్రం అది కొలతలతో పొసగడం లేదు."

అడిగినావిడ ముందుకు వంగి ఇంకో ప్రశ్న వేసింది. ఉదయశ్రీ జవాబు చెబుతూ, తన గొంతు ఇంత స్థిరంగా పలకడం చాలా ఏళ్ళ తర్వాత విన్నది. భుజంగరావు ముఖం తెర మీంచి ఎప్పుడు పోయిందో చూడలేదు.

ఆయన సాయంత్రం ఫోన్ చేశాడు. "ఇంట్లో మగ్గిపోతున్నావని నేనే నీ పేరు చెప్పి సెమినార్‌కు పిలిపించాను. అందరిలో నన్నే కాదంటావా? ఇక నీ దారి నీదమ్మా." ఆమె ఏదో అనేలోగా పెట్టేశాడు.

"సార్ ఫుల్ ఖుష్! వంకాయ మస్తున్నదన్నడు. నీది అయిందా మరి?" అన్నాడు రవీంద్ర.

"అయింది."

అతను రిమోట్ అందుకున్నాడు. గిన్నెలు తుడుస్తున్న అత్త ఆమెను తేరిపార చూసింది. "మొఖం గట్లయిందేందే? ఎవరితోనన్న కొట్లాడినవా?"

ఉదయశ్రీ గిన్నెలు కడుగుతూనే చెప్పింది. వదిలేసిన పదం గురించి, టాప్ క్వార్క్ గురించి, భుజంగరావు అన్న మాట గురించి. గొంతు పెంచలేదు. ముసలావిడ పెదవులు చూస్తూ "అట్లనా, అట్లనా" అని తలూపింది. ఆవిడకు ఒక్క ముక్కా వినబడలేదని తెలుసు. అయినా చివరిదాకా చెప్పింది.

మర్నాడు హజీరా బస్సు వెళ్ళిపోయాక కంప్యూటర్‌లో తమ లెక్కల పేపర్ తెరిచింది. పైన రెండు పేర్లున్నాయి. మొదటిది భుజంగరావుది, దాన్ని తీసేసింది. తన పేరు కింద ఆయన యూనివర్సిటీ ఉంది, దాన్నీ తీసేసింది. గంటల లెక్కన వచ్చేవాళ్ళు కాలేజీ పేరు వాడుకోకూడదని అక్కడి నియమం. పేపర్లో రాసినవాళ్ళ పేరు కింద ఏదో ఒక సంస్థ పేరు ఉండాలి. ఆ పనంతా జరిగిన చోటు పేరే రాసింది: ఇల్లు, గోడాదరా, సూరత్.