కలపని గ్లేజు

అజీజ్‌నగర్‌లోని ఆ కుండల స్టూడియోలో తొమ్మిదేళ్ళుగా మట్టిపాత్రలను గ్లేజులో, అంటే మెరుపు పూతలో, ముంచేది నేనే. అంతకుముందు ఫామ్‌హౌసుల్లో వంట చేసేదాన్ని. ఉప్పెక్కువైందని ఒకరు, రొట్టె మాడిందని ఒకరు, అందరూ అరిచేవాళ్ళే. మేఘ మేడం దగ్గరికొచ్చాకే నన్ను "ప్రమీలమ్మా" అని మర్యాదగా పిలిచే మనిషి దొరికింది. ఆ పిలుపు కోసం చచ్చేదాన్ని, దాచడమెందుకు? యాభై దాటాక మళ్ళీ ఎవరి వంటింట్లోనో తిట్లు తినే ఓపిక నాకు లేదు.

అప్పుడు దాపురించింది ఎస్తేరు. మొయినాబాద్ మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. కుట్టుమిషన్ పని మానేసి వచ్చిందట. ఒకసారి కాల్చిన పళ్ళెం మీద అది పాలపిట్టను గీస్తే రెక్క కదిలిందేమో అనిపించేది. మేడం ప్రతి పళ్ళేన్నీ ఎత్తిపట్టి "అబ్బ, చూడు ప్రమీలమ్మా!" అనేవారు. చూసేదాన్ని. ఒళ్ళు మండిపోయేది.

ఆ నెల మొదట్లో మేడం ఒక కబురు చెప్పారు. స్టూడియో చిన్న షెడ్డులోకి మారుతోంది, ఇక మా ఇద్దరిలో ఒకరికే చోటు. ఒక రిసార్టు కోసం చేస్తున్న అరవై పళ్ళేలు బట్టీలోంచి దిగాక ఎవరుండాలో తేలుస్తానన్నారు. "బొమ్మలు, గ్లేజు రెండూ ఒక్కరే చేస్తే బెటర్ గద" అని ఎస్తేరు వైపు చూశారు. నాకు బొమ్మలు రావు, గీత కూడా వంకరే. అది ముంచడం నేర్చిందంటే నా పని అయిపోయినట్టే.

మేం వాడేది తక్కువ వేడికే కరిగే గ్లేజు. కాలాక గాజులా మారి, కింది బొమ్మ తళతళా కనబడుతుంది. కానీ పలచగా, సమంగా పడాలి. మందమైతే పాలు ఒలికినట్టు తెల్లబడి బొమ్మను మింగేస్తుంది. మరీ నీళ్ళగా ఉంటే పళ్ళెం గరుకుదేలి వెలవెలబోతుంది. ఆదివారం సెలవిచ్చి వదిలేస్తే చాలు, పొడంతా బకెట్ అడుగుకు దిగిపోయి పైన నీళ్ళు తేలతాయి. అందుకే ముంచేముందు అడుగు కదిలేదాకా కర్రతో కలపాలి.

సోమవారం పొద్దున ఎస్తేరు చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది.

"ప్రమీలక్కా, ఇయ్యాల నన్నే ముంచుమన్నరు మేడం. బకెట్ కలపాల్నా?"

"నేను పొద్దుగాల్నే కలిపిన. నువ్వు ముంచుడే."

"జర దగ్గరుండక్కా, నాకిది కొత్త పని. ఈ పని పోతే మళ్ళ ఆ మిషన్ కాడికే పోవాలె."

"ఏం ఫికర్ చెయ్యకు. మూడు లెక్కపెట్టి తియ్యి, అంతే."

అబద్ధం అంత సాఫీగా వస్తుందని నాకే తెలియదు. పక్కనే కూర్చుని స్పాంజితో పళ్ళేల అడుగులు తుడుస్తూ చూశాను. పసిపిల్లకు నీళ్ళు పోసినట్టు ఒక్కో పళ్ళేన్నీ ముంచి తీసింది. ముందు వాటికి ఉత్త నీళ్ళే అంటుకున్నాయి. నీళ్ళు తగ్గి అడుగు కదిలేకొద్దీ తర్వాతి వాటికి ముద్ద ఎక్కింది. ఆరాక అన్నీ తెల్లగానే ఉంటాయి, కొత్తవాళ్ళకు తేడా తెలియదు. నాకు తెలుసు. అరవై అయ్యేదాకా నోరు విప్పలేదు.

బుధవారం బట్టీ తెరిచారు. మొదటి పళ్ళేలు చేత్తో తడిమితే గీరుకుంటున్నాయి, మధ్యవి మచ్చలు మచ్చలుగా తేలాయి. చివరివాటిలో పిట్టలే లేవు, తెల్లదనం కింద నీలి మరకలు మాత్రం ఉన్నాయి. మేడం ముఖం చూసి నాకు నవ్వొచ్చింది, పెదవి కొరుక్కున్నాను.

"ఎస్తేర్, బకెట్ కలిపినవా, లేదా?"

ఎస్తేరు నా వైపు చూసింది. నా పేరు చెప్పనీ, లేచి ఏడుపు లంకించుకుని దాన్ని నానా మాటలూ అందామని సిద్ధంగా ఉన్నాను.

"కలపలేదు మేడం. తప్పు నాదే."

"రేపట్నుంచి రాకు," అన్నారు మేడం. ఆ తర్వాత సుత్తి నా చేతికిచ్చారు. చెడిన సరుకు గేటు దాటకూడదు, చెడగొట్టినవాళ్ళే పగలగొట్టాలి, అది మా స్టూడియో పద్ధతి. "ఒక్కటి మిగలొద్దు, దగ్గరుండి చూడు ప్రమీలమ్మా."

షెడ్డు వెనక, నేనందించిన సుత్తితో, ఎస్తేరు గోనెసంచి మీద ఒక్కో పళ్ళేన్నీ బోర్లించి కొట్టింది. ఇప్పుడేడుస్తుంది, ఇప్పుడేడుస్తుంది అని కాచుకుని చూశాను. ఏడవలేదు. నలభై అయ్యాక చెయ్యి ఆపింది.

"అక్కా, ఆ రోజు కలిపే కర్ర పొడిగున్నది."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"చూసినవా? చూసి మరెందుకు ముంచినవే?"

"కడిగి ఆరబెట్టిండ్రేమో అనుకున్న. మీరు కలిపిన అన్నరు గద. మిమ్మల్ని అనుమానించుడు పాపమనిపించింది." నా ముఖంలోకి చూసింది. "మేడంకు చెప్తే ఈ వయసుల మీరు ఏడికి పోతరక్కా?"

సిగ్గేసింది. నిజంగానే వేసింది, తలెత్తలేకపోయాను. అంతలోనే కోపం తన్నుకొచ్చింది. నా మీద జాలిపడడానికి ఇదెవతె? మేడం గది పది అడుగుల దూరంలోనే ఉంది. వెళ్ళి ఒక్క మాట చెబితే ఎస్తేరు పని నిలుస్తుంది. తలుపు తెరిచే ఉంది కూడా.

"ఇంక ఇరవై ఉన్నయి," అన్నాను. "కొట్టు."