కుట్టుపూల గుడ్డ

"బొమ్మ మిషనే గీస్తాది గదా, నువ్వు చేసేదేముండాది?" అన్నాడు జడ్సన్. మా ఆయన. నేను రొయ్యలు ఒలుస్తున్నాను. సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూటం, వచ్చినవాళ్లకు భోజనాలు. ఆయన ఆ మాట కోపంగా అనలేదు, కాఫీ తాగుతూ నవ్వుతూనే అన్నాడు. కోపంగా అనివుంటే ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని.

గూడూరులో ఆయనకు ఇళ్ల ప్లాన్లు గీసే షాపుంది. బోర్డు మీద ఆయన పేరు. ఇల్లు కట్టకముందే కట్టినట్టు చూపించే బొమ్మలన్నీ ఇంట్లో కూర్చుని నేను చేస్తాను, వాటి కిందా ఆయన పేరే. గోడలు నిలబెట్టేది, రంగులేసేది, కిటికీలోంచి ఎండ ఎటు పడాలో చెప్పేది నేను. ఆ వెలుగునీడల్ని లెక్కగట్టి ఫొటోలా తయారుచేసేది మాత్రం కంప్యూటరు. రెండరింగ్ అంటారు దాన్ని. నా లాప్‌టాప్ మీద ఒక్క బొమ్మకే పూటలు గడిచిపోతాయి.

అందుకని నెల్లూరులో పాత కంప్యూటర్లు అమ్మే నరేంద్రబాబు ఒకటి తెచ్చిపెట్టాడు. "ఏదో కంపెనీవాళ్లు తీసేసిన వర్క్‌స్టేషన్ అక్కా. రెండు ప్రాసెసర్లుండాయి. పాతవే. వాడి చూసి చెప్పు" అన్నాడు. కొనాలా వద్దా అని అప్పట్నుంచీ అదే ఆలోచన. గీసేటప్పుడు నా లాప్‌టాప్ కంటే అదే నెమ్మది. కానీ రెండరింగ్‌కి ఒక్కరి వేగం కంటే ఎక్కువ చేతులుండాలి. బొమ్మను గళ్లుగళ్లుగా పంచుకుని, ఆ ప్రాసెసర్లలో చేతుల్లా పనిచేసే కోర్లన్నీ ఒకేసారి పనిలోకి దిగుతాయి. కరెంటు తాగుతుంది, వేడెక్కుతుంది, లోపలి బోర్డు పోతే మళ్లీ దొరకడం కష్టం. కొత్తది మా తాహతుకు మించింది. ఎవరో పనికిరాదని తీసేసినంత మాత్రాన అది పనికిరాదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

అసలు పరీక్ష ఆరోజే. ఇంజినీరు సుభాషిణిగారు షాపుకు కాకుండా నేరుగా నాకే ఫోన్ చేసి, చిల్లకూరులో కట్టబోయే ఇంటి బొమ్మ సాయంత్రానికి కావాలన్నారు. నచ్చితే ఇకమీదట వాళ్ల పని నాదే, బొమ్మ కింద నా పేరుతోనే. పెళ్లి పత్రిక తర్వాత నా పేరు అచ్చులో చూసుకున్నది లేదు. నిమ్మచెక్కతో చేతులు రుద్దుకున్నాను. నీచువాసన పోలేదేమోనని మళ్లీ రుద్దుకుని, మౌస్ పట్టుకుని రెండరింగ్ మొదలుపెట్టాను. హాలు మూలన ఆ పెట్టె జుయ్యిమంటూ పనిలో పడింది, నేను వంటలో పడ్డాను.

మధ్యలో వెళ్లి చూస్తే సగం ఇల్లు తేలింది. వరండా, మెట్లు, గోడ మీద పొద్దుటి ఎండ. ఎంత బాగుందో! ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. అందరూ కుర్చీలు సర్దుకుంటున్నారు.

కూటంలో పాట సాగుతోంది. వంటింట్లో టీ వడకడుతున్నాను. ఆ జుయ్యిమనే చప్పుడు ఆగిపోయింది. పాటలో ఎవరూ గమనించలేదు. హాల్లోకి వెళ్లి చూద్దును గదా, ఆ పెట్టె మీద కింది దాకా మా అత్తగారి కుట్టుపూల గుడ్డ. కూటం ఉన్నరోజు టీవీకి కప్పినట్టే దీనికీ కప్పారు. పైన పూలకుండీ పెట్టారు. పాటయి ప్రార్థన మొదలైంది. అందరి మధ్యలోంచి పోయి గుడ్డ లాగే ధైర్యం లేకపోయింది. కళ్లు మూసుకున్న అంతమందిలో నేనొక్కదాన్నే కళ్లు తెరుచుకుని నిలబడి ఏడ్చాను.

భోజనాలయ్యాక, వీధి చివర బట్టలు కుట్టే ఎలిశబెతక్క వెళ్తూ వెళ్తూ నా మొహం చూసి ఆగింది. "మా మేడమీద గది ఊరికే ఉండాదమ్మే. రెండుపక్కలా కిటికీలు. ఎన్నిసార్లు చెప్పినాను నీకు, నీ పని ఆడ పెట్టుకోమని" అంది. ఎప్పటిలాగే తలూపాను.

అందరూ వెళ్లాక గుడ్డ తీశాను. పెట్టె పెనంలా కాలుతోంది. ఆ వేడికి దానంతటదే ఆగిపోయింది, బొమ్మ సగంలోనే పోయింది.

"దుమ్ము పడతాదని కప్పినానమ్మా. పాస్టరయ్యగారొస్తే ఆ తీగలన్నీ కనపడితే ఏం బాగుంటాది?" అంది అత్తయ్య. ఆమెకు తెలియదు. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

సుభాషిణిగారికి ఫోన్ చేశాను. "వేరేవాళ్లతో చేయించేసినామమ్మా, ఏమనుకోవద్దు" అన్నారు.

"నేను చెప్పలా? పాతది పాతదే" అంటూ జడ్సన్ నరేంద్రబాబుకు ఫోన్ కలిపాడు. "నీ మిషనొద్దబ్బా, వచ్చి తీస్కపో."

ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. "మిషన్‌లో లోపమేం లేదు నరేంద్రా. నేను కొంటా ఉండా. బిల్లు నా పేరున, అబిగయీలు అని రాయి. రేపొచ్చి దీన్ని ఎలిశబెతక్క మేడమీది గదిలో పెట్టు."

"పగలంతా నువ్వు ఆడుంటే మరి వంట?" అన్నాడు జడ్సన్. ఆయనకు ముందు తట్టింది అదే.

అత్తయ్య కంగారుగా నా దగ్గరికొచ్చింది. "ఇంత ఇంట్లో దానికి చోటు లేదా ఏందమ్మా?"

కుట్టుపూల గుడ్డ మడతపెట్టి ఆమె చేతికిచ్చాను.

"చోటుంది అత్తయ్యా. గాలే ఆడదు."